నాలా గట్టు మీద నడిచిన పెగ్గులు

సర్వే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళ దగ్గర మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టే మెషీను ఉంటుంది. బొత్తాం నొక్కితే దూరం ఎంతో అదే చెబుతుంది. "అంకుల్, మీరు నిజంగా టేపుతోనే కొలిచేవాళ్ళా?" అని కొంచెం జాలిగా అడుగుతారు. టేపుతోనే కొలిచేవాళ్ళం. దానితోపాటు అనుమానం కూడా తీసుకెళ్ళేవాళ్ళం. ఆ రెండోది ఇప్పటి మెషీన్లలో పెట్టి ఇస్తున్నారో లేదో నాకు తెలియదు. అందుకే ఈ ఒక్క సంగతి రాస్తున్నాను.

యాభై దాటాక మోకాళ్ళు మాట వినడం మానేశాయి. దాంతో ఫీల్డు పని నేను మానేశాను. నేను చదివి సర్వేయరునైనవాణ్ణి కాను. పదో తరగతి అయ్యాక సర్వేయర్ల కొలత గొలుసు మోసే పనికి కుదిరాను. గొలుసు మోస్తూ మోస్తూ, పెద్దవాళ్ళు ఏం రాసుకుంటున్నారో భుజం మీదుగా చూసి, ఇంటికి వెళ్ళి మళ్ళీ వేసుకునేవాణ్ణి. వైశాల్యాలూ లెవెళ్ళూ అలా పట్టుబడ్డాయి. ఇప్పటికీ ఒకసారి వేసిన లెక్కను నేను నమ్మను. ఇంకో దారిలో వేసినా అదే జవాబు రావాలి. మా ఆవిడ కూరగాయలు తెచ్చినా ఆ లెక్క నేను ఇంకోసారి కూడతాను. ఆ విషయంలో ఇంట్లో నాకు మంచి పేరు లేదు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ రెండు నియమాలు చెప్పాడు. కొలతకు వెళ్ళిన చోట చాయ్ తాగొద్దు అన్నది మొదటిది. ఒకరింట్లో తాగితే పక్కింటివాడు నీ టేపును నమ్మడు. రెండోది ఆయన మాటల్లోనే చెప్తాను: "ఎవనికి నీ మీద అనుమానముందో, సున్నా కొస వాని చేతికే ఇయ్యి. కొస వాని చేతిల ఉంటే వాడు నిన్ను చూసుడు బంద్ జేసి టేపును చూస్తడు."

నేను చెప్పబోయేది అమీర్‌పేటలో కరెంటు స్తంభాలకూ గోడలకూ ఖాళీ లేకుండా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించిన రోజుల మాట. పొద్దున్నే బస్సు దిగితే ఎదురొచ్చే ప్రతి కుర్రాడి చంకలో జిరాక్సు నోట్సు కట్ట ఉండేది. మా ఆఫీసు పంజాగుట్టలో ఒక మేడ మీద, మెట్ల పక్క గదిలో. యజమాని, డ్రాఫ్ట్స్‌మన్, నేను. అంతే. భూమి ధర పెరిగేకొద్దీ మాకు పని పెరిగేది, పని పెరిగేకొద్దీ నాకు అనుమానం పెరిగేది. గుడి కోసమని మాతో కొలిపించుకున్న చోట ఫంక్షన్ హాలు లేచింది. పిల్లల పార్కు అని కొలిపించుకున్న చోట కార్లు కడిగే షెడ్డు పడింది. మంచి పని అని చెప్పి ఎవరైనా పిలిస్తే, ముందు ఆ స్థలం వెనుక ఎవరి ఇల్లు ఉందో చూసేవాణ్ణి.

ఒకరోజు యజమాని పిలిచి, "నాలా పక్కన వాకింగ్ ట్రాక్ బాగుచేస్తారట. వాలంటీర్లు. చెట్లు కూడా నాటుతారు. పర్మిషన్‌కి సర్వే డ్రాయింగు కావాలి. మనం ఫ్రీగా చేస్తున్నాం" అన్నాడు.

బయటికొచ్చాక డ్రాఫ్ట్స్‌మన్ నా మొహం చూసి నవ్వాడు. వాడు నాకంటే చిన్నవాడు, గీత గీస్తున్నప్పుడు కూడా నోరు ఆగేది కాదు. "అన్నా, సార్ ఫ్రీగ చాయ్ సుత తాగిపియ్యడు. ఇందుల ఏదో ఉన్నది" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను.

మురుగు కాలువగా మారిన ఆ నాలా యూసుఫ్‌గూడ వైపు నుంచి మధురానగర్ పక్కగా వచ్చి, అమీర్‌పేట వెనుక నుంచి బేగంపేట వైపు పోతుంది. పాతవాళ్ళు దాన్ని ఇంకా వాగు అనే అంటారు. గట్టు మీద ఒకప్పుడు జనం నడిచే బాట ఉండేదట. నేను వెళ్ళేసరికి ఆ బాట కూల్చిన ఇళ్ళ ఇటుక ముక్కల కింద, ప్లాస్టిక్ సంచుల కింద ఉంది. ఓ ఇరవై మంది మోకాలి దాకా ప్యాంట్లు మడిచి, పారలతో దాన్ని తవ్వి తీస్తున్నారు. చేతులు చూడగానే పార కొత్త అని తెలిసిపోయింది. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్నవాళ్ళు, ఇంకా కొలువు వెతుక్కుంటున్నవాళ్ళు. వారమంతా ఏసీలో కూర్చునే మనిషి ఆదివారం వచ్చి నాలా మట్టి ఎందుకు ఎత్తుతాడు? ఆ ప్రశ్నకు నాకు సరైన జవాబు ఇవ్వాళ్టికీ దొరకలేదు.

వాళ్ళందరినీ కూడగట్టింది ఒక హాస్టల్ మేడమ్. గుంటూరు వైపు నుంచి వచ్చి మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆవిడ. తలకు తువ్వాలు చుట్టుకుని మొక్కల పక్కన నిలబడి ఉంది. కానుగ, నల్లమద్ది, నేరేడు, మోదుగ, రేల మొక్కలు వరసగా పెట్టించింది.

"అన్నీ మన నేల చెట్లేనండీ. ఆ రంగురంగుల పూల మొక్కలు నాకొద్దు. నల్లమద్ది నీళ్ళ ఒడ్డునే బతుకుతుంది, తెలుసా?" అంది.

"మీ హాస్టల్ ఎక్కడమ్మా?" అన్నాను.

చెయ్యెత్తి చూపించింది. నాలాకు వీపు పెట్టి ఉన్న నాలుగంతస్తుల మేడ. సరే, అనుకున్నాను. వెనుక ఎవరి ఇల్లు ఉందో తెలిసింది.

పర్మిషన్ కాగితం ప్రకారం నాలా రాతిగోడ అంచు నుంచి తొమ్మిది మీటర్ల వెడల్పు పట్టీ బాటకూ చెట్లకూ వదలాలి. చాలాచోట్ల ఆ తొమ్మిది మీటర్ల అవతల అపార్ట్‌మెంట్ల కాంపౌండు గోడలే ఉన్నాయి కాబట్టి తగాదా లేదు. ఒక్కచోటే అటుపక్క గోడ లేని నేల ఉంది. అది ధోబీఘాట్. వెదురు గుంజలు పాతి దండేలు కట్టి, బేగంపేట హోటళ్ళ తెల్ల దుప్పట్లు ఆరేసే చోటు. నాలుగైదు కుటుంబాల బతుకు ఆ దండేల మీదే. వాళ్ళకు పెద్ద దిక్కు ఒక ముసలామె. నేను టేపు తీయగానే చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం గొలుస్తున్నవ్ సారూ?"

"నడక బాట కోసమమ్మా."

"ఎవలు నడుస్తరు?"

"అందరూ."

"మేం రోజూ నడుస్తనే ఉంటిమి గద. మాకు ఎవలూ బాట గొలువకపాయె." నా వెనుక ఉన్న మేడమ్‌ను చూస్తూ గొంతు పెంచింది. "ముందుగాల చెట్లంటరు. ఎన్క కంచె అంటరు. గా ఎన్క గేటు పెట్టి తాళమేస్తరు. మస్తు జూసిన."

నిజం చెప్పాలంటే నేను అనుకుంటున్నదే ఆమె పైకి అన్నది. కానీ కొలత కొలతే. రాతిగోడ నుంచి తొమ్మిది మీటర్లు లాగితే, గుంజల ముందు వరస పట్టీ లోపలికి వచ్చింది. వరస వెనుక నేలలో హద్దు గుర్తుకు చెక్క పెగ్గులు దిగ్గొట్టాను. ఆమె గుంజల మీద చెయ్యి వేసి, పెగ్గులను ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఈమెతో పేచీ తప్పదు అనుకున్నాను.

తర్వాతి వారం నేల ఎత్తుపల్లాల లెవెళ్ళు తీయడానికి వెళ్తే పెగ్గులు నేను పెట్టిన చోట లేవు. నాలా వైపు జరిగి, గుంజల ముందు వరసకు ఇవతల ఉన్నాయి. అంటే దండేలన్నీ మళ్ళీ పట్టీ బయటికి వెళ్ళిపోయాయి. పీకిన చోట మట్టి కూడా చక్కగా పూడ్చి ఉంది.

"పెగ్గులెవరు జరిపారమ్మా?" అన్నాను.

"మమ్ముల్నడుగుతవా? మీవోళ్ళే మొన్న ఐతారం పీకిరి, పెట్టిరి. మీరు మీరు ఆడుకొనుడు, మమ్ముల్ని ఆగం జేసుడు!" అంది. ఉతికిన గుడ్డను రాయి మీద ఇంకోసారి బాదింది.

ఆ మాటలో నిజం ఉందని నాకు అనిపించలేదు. లాభం ఎవరికి వస్తే చెయ్యి వాళ్ళదే అని లెక్క వేసుకుని, పెగ్గులు మళ్ళీ పాత చోట దిగ్గొట్టి వచ్చాను. మరుసటి వారం చూస్తే మళ్ళీ జరిగాయి. మళ్ళీ దిగ్గొట్టాను. మళ్ళీ జరిగాయి.

మేడమ్‌కు చెప్పాను. "పెగ్గులు ఎవరో జరుపుతున్నారమ్మా."

ఆవిడ వెంటనే అందుకుంది. "చూశారా! మా పిల్లలు కూడా అదే చెప్తున్నారండీ. వచ్చినప్పుడల్లా జరిగే ఉంటున్నాయంట. పాపం వాళ్ళే మళ్ళీ సరిచేస్తున్నారు. ఏంటండీ ఈ మనుషులు? పొద్దున్నే నేనే పలకరిస్తాను, పైకి నవ్వుతారు, వెనక ఇదీ పని!"

ఏ వైపుకి జరిగాయని ఆవిడ నన్ను అడగలేదు, నేనూ ఆవిడను అడగలేదు. జరిగాయి అనే ఒక్క మాట దగ్గర ఇద్దరమూ కలిసిపోయాం. అనుమానంలో ఇద్దరు మనుషులు ఏకమైతే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఇంక వివరాల జోలికి ఎవరూ పోరు.

ఆ హాయిలోనే మాట ముదిరింది. మేడమ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు తిరిగి ఒక అర్జీ మీద సంతకాలు పెట్టించింది. ధోబీఘాట్ వాళ్ళు హద్దులు చెరుపుతున్నారు కాబట్టి ఆ నేల మొత్తానికి కంచె వేయాలి, దండేలు తీసేయించాలి అని అందులో ఉంది. వచ్చే ఆదివారం గట్టు మీద అందరి ముందూ నేను కొలిచి, పెగ్గులు జరిగాయని చెప్తే, సోమవారం పర్మిషన్ ఇచ్చే ఆఫీసులో అర్జీ ఇస్తారు. కంచె పడితే దుప్పట్లు ఆరేసే చోటు ఉండదు. చోటు లేని ధోబీకి ఏ హోటలూ మూట ఇవ్వదు. ఆ కుటుంబాల పొయ్యి నా నోటి మాట మీద ఆధారపడింది. నాకది నచ్చలేదు. కానీ హద్దు రాళ్ళు జరిపేవాళ్ళను చాలా ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి. జాలి పెద్దగా కలగలేదు కూడా.

శనివారం ఆఫీసులో కూర్చుని నా ఫీల్డు కొలతలు డ్రాఫ్ట్స్‌మన్‌కు చదివి వినిపిస్తున్నాను. ప్రతి పెగ్గు దగ్గరా పాత చోటు ఎక్కడ, కొత్త చోటు ఎక్కడ అని.

"ఒక మీటరు. రాసుకున్న. ఇంకోటి?"

"ఒక మీటరు."

"ఇంకోటి?"

"అదీ మీటరే."

వాడు పెన్సిల్ కింద పెట్టాడు. "గిదేంది అన్నా! గీ దొంగలు స్కేలు బెట్టి మరీ దొంగతనం జేస్తున్నరా ఏంది? మనకంటె సాఫుగ కొలుస్తున్నరు. సార్‌కు జెప్పి మన నౌకరీలు వాళ్ళకే ఇప్పియ్యి."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. హద్దు జరిపేవాడు ఎలా జరుపుతాడో నాకు తెలుసు. భయంతో, ఆత్రంతో జరుపుతాడు. ఒకచోట జానెడు, ఇంకోచోట రెండడుగులు, చూసేవాడు వస్తే మధ్యలో వదిలేస్తాడు. అన్ని పెగ్గులూ, ప్రతి వారమూ, ఒకే మీటరు జరిగాయంటే అది దురాశ చేసిన పని కాదు. మనిషి చెయ్యి అంత నిలకడగా తప్పు చేయదు. అంత నిలకడ పనిముట్టుకే ఉంటుంది.

మొదట నా టేపునే అనుమానించాను. ఆఫీసు గోడకు బిగించిన స్టీలు స్కేలు పక్కన పరిచి చూశాను. సరిగ్గానే ఉంది. తలకిందులుగా పరిచి మళ్ళీ చూశాను.

"దాన్ని జర ఊపిరి తీసుకోనియ్యి అన్నా," అన్నాడు వాడు.

నా టేపు కాకపోతే ఆ గట్టు మీద ఇంకో టేపు ఉండాలి.

ఆదివారం పొద్దున గట్టు మీద జాతరలా ఉంది. ఒక పక్క వాలంటీర్లు, అపార్ట్‌మెంట్ల పెద్దలు, మేడమ్ చేతిలో అర్జీ. ఇంకో పక్క ధోబీఘాట్ మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఆడవాళ్ళు దండేల మధ్య నుంచి చూస్తున్నారు. పెగ్గులు అప్పటికే నాలా వైపు జరిగి ఉన్నాయి.

"మొదలుపెట్టండి. కొలిచి అందరికీ చూపించండి," అంది మేడమ్.

"కొలుస్తానమ్మా. మీ పిల్లలు పెగ్గులు సరిచేస్తున్నారన్నారు కదా. దేనితో కొలిచి సరిచేస్తున్నారు?"

"మా దగ్గరా టేపుందండీ. మేమేం కంటితో చూసి పెడతామనుకున్నారా?" అంది కొంచెం నొచ్చుకుని.

"అది తెప్పించండి. ముందు దానితోనే కొలుద్దాం."

నీళ్ళ డబ్బాలతో పాటు పెట్టిన సంచిలోంచి గుడ్డ టేపు ఒకటి తీసుకొచ్చారు. బాగా వాడింది, మట్టి పట్టింది. నేను దాని సున్నా కొస తీసుకెళ్ళి ముసలామెకు ఇచ్చాను. ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది.

"నాకెందుకియ్యబడ్తివి? రేపు నేనే గుంజిన్నంటరు."

"ఎవరి మీద అనుమానముందో వాళ్ళ చేతికే ఇస్తానమ్మా. మీకు మా మీద ఉంది కదా?"

"ఉన్నది. నాకేం భయమా చెప్పనీకి?" అని కొస లాక్కుంది. వంగి రాతిగోడ అంచుకు ఆనించి పట్టుకుంది. రెండో పక్క మేడమ్‌ను పట్టుకోమన్నాను. టేపు బిగిసింది. మేడమ్ తొమ్మిది దగ్గర వేలు పెట్టింది. వేలు సరిగ్గా జరిగి ఉన్న పెగ్గు మీద ఉంది.

"అరే," అంది మేడమ్. "ఇది సరైన చోటే ఉందే! మరి జరిగిందన్నారు?"

దాని పక్కనే నా టేపు పరిచాను. నా కొస కూడా ముసలామెకే ఇచ్చాను. ఒక చేతిలో అదీ, ఒక చేతిలో ఇదీ పట్టుకుని ఆమె గోడ దగ్గర కూర్చుంది. నా టేపు మీద తొమ్మిది, పెగ్గు దాటి అవతల గుంజల వెనక్కి వెళ్ళింది. జనంలో గుసగుస మొదలైంది. అపార్ట్‌మెంట్ల పెద్దాయన ఒకాయన, "సర్వేయర్ గారి టేపే సాగిపోయిందేమో" అన్నాడు. ఆయన చూపులో నేను ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకున్నాననే లెక్క కనిపించింది.

నేను గోడ దగ్గరికి వెళ్ళి వాళ్ళ టేపు కొస మీద మట్టి తుడిచాను. రింగు పక్కన సున్నా లేదు. ఒకటి ఉంది. మొదటి మీటరు ఎవరో కత్తిరించి, మిగిలిన కొసకు రింగు పెట్టి, నైలాను దారంతో ఎంతో శ్రద్ధగా కుట్టారు. అంత చక్కటి కుట్టు కాకపోతే ఎవరికైనా ముందే కనబడేది.

వెనుక నుంచి హాస్టల్ అమ్మాయి ఒకతి మెల్లగా అంది. "మేడమ్, అది కొస చిరిగిపోతే మన టీమ్‌లో ఒక అన్న ఉండేవాడు కదా, ఆయన కుట్టాడు. కొలిచాక ఒకటి తీసెయ్యాలని గ్రూప్ మెయిల్‌లో రాశాడు కూడా."

"ఆ అబ్బాయేడీ?"

"ప్రాజెక్టు మారి బెంగుళూరు వెళ్ళిపోయాడు మేడమ్."

"మరి ఆ మెయిల్ ఎవరూ చదవలేదా?"

"నేను చదివాను మేడమ్. కానీ నేను టేపు పట్టుకోను కదా. నేను నీళ్ళు పోస్తాను."

కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు. మేడమ్ కూడా ఆపుకోలేకపోయింది కానీ అది నవ్వు కాదు, ఏడుపు. చేతిలో అర్జీని నాలుగు మడతలు పెట్టి, ఇంకా చిన్నది చేయడానికి చూస్తోంది. నేను పెట్టిన పెగ్గులను వాళ్ళు తప్పు టేపుతో చూసి, ఎవరో జరిపారనుకుని, నాలా వైపు మార్చారు. వాళ్ళు మార్చినవాటిని నేను చూసి, ధోబీలు జరిపారనుకుని వెనక్కి మార్చాను. ఇన్ని వారాలుగా ఆ పెగ్గులను నడిపించింది వాళ్ళూ నేనూనే. ముసలామె నేను మొదటిసారి అడిగినప్పుడే చెప్పిన మాట అది.

ఆమె లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంది. "అయితే దొంగలం కాదన్నట్టేనా?"

"కాదమ్మా," అన్నాను.

"గా ముక్క జర గట్టిగ జెప్పు. గా మేడల మీదోళ్ళకు ఇనబడాలె."

గట్టిగా చెప్పాను.

ఇక్కడితో అయిపోతే ఈ కథ రాసేవాణ్ణి కాను. నా టేపు ఇంకా నేల మీదే ఉంది. అందులో తొమ్మిది ఇంకా గుంజల వెనుకే ఉంది. తప్పు టేపు ఆమె దండేలను కాపాడింది, సరైన టేపు ముందు వరసను పట్టీ లోపలికి లాగింది. అది అందరికీ ఒక్కసారే అర్థమైంది. వాలంటీర్లలో ఒకతను, "వదిలేద్దాం సార్, పెగ్గులు ఇప్పుడున్న చోటే ఉంచేద్దాం. ఒక మీటరుకి ఎవరడుగుతారు?" అన్నాడు. మేడమ్ కూడా, "అవునండీ, అలాగే గీసెయ్యండి. పాపం, ఇంత మాట అన్నాం," అంది.

తప్పని తెలిసిన కొలత గీయడం నా వల్ల కాదు. గీయనంటే ఆమె దండెం పోతుంది. ఈలోగా ముసలామే అందుకుంది.

"వద్దు."

"మీ మంచికేనమ్మా," అంది మేడమ్.

"మంచి సంగతి నాకు దెల్వదు. తప్పు టేపు మీదొచ్చిన జాగ నాకొద్దు. ఇయ్యాల మీరు పాపమంటరు. రేపు ఇంకో సారొస్తడు, ఇంకో టేపు తెస్తడు. గప్పుడు మీరుండరు, గీ సారుండడు. మీటరు తిన్న దొంగ ముండ అని నన్నే అంటరు. నా మనుమలను అంటరు. అసలు గీత ఏడున్నదో ఆడనే రాయి పాతుండ్రి."

అని ముందు వరస దగ్గరికి వెళ్ళి, చివరి గుంజను రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. దాని మీద తడి దుప్పట్లు వేలాడుతూనే ఉన్నాయి.

"ఏంటమ్మా మీరు! వదలండి!" అంటూ మేడమ్ పరుగెత్తుకొచ్చి అదే గుంజను కిందికి నొక్కింది.

"నువ్వొదులు!"

"నేనొదలను. పీకమని ఎవరన్నారు?"

"పీకుమననీకే గద గా కాగితం రాసినవ్!"

"తప్పయిందన్నాను కదా!"

"ఎప్పుడన్నవ్? నాకు ఇనబళ్ళే!"

వెదురు గుంజ ఇద్దరి మధ్యా ఊగి, దండెం తెగి, ఒక తెల్ల దుప్పటి ఇద్దరి తలల మీదా పడింది. లోపలి నుంచి ఒకరినొకరు తిట్టుకుంటున్న గొంతులు మాత్రం వినిపించాయి. ధోబీఘాట్ కోడళ్ళు వచ్చి దుప్పటి తీసేదాకా ఎవరూ కదలలేదు. ఆ దుప్పటి మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. మేడమ్ నాలా మట్టి కాళ్ళతో అక్కడే కూర్చుని దాని ఒక కొస పట్టుకుని పిండింది. పిండడం ఆవిడకు రాదు.

సర్వే డ్రాయింగులో నేల మీద ఏమేం ఉన్నాయో అన్నీ గీయాలి. చెట్టుంటే చెట్టు, స్తంభముంటే స్తంభం. అది మా పని మొదటి పాఠం. నేను అదే చెప్పాను. తొమ్మిది మీటర్ల గీత నిజమైన చోటే గీస్తాను, రాయి అక్కడే పాతుదాం. గుంజలు ఉన్నాయి కాబట్టి వాటినీ గీస్తాను, ముందునుంచీ ఉన్న దండేలు అని పక్కన రాస్తాను. ఆ కొంత దూరం బాట సన్నబడుతుంది, అక్కడ చెట్ల వరస ఉండదు. ఇది దాచిపెట్టిన మీటరు కాదు, అందరూ చూసి వదిలిన మీటరు. అపార్ట్‌మెంట్ల పెద్దాయన ఒప్పుకోలేదు. "రూలంటే రూలే కదండీ" అని రెండుసార్లు అన్నాడు. మేడమ్ ఆయన వైపు చూసిన చూపుకు మూడోసారి అనలేదు. అందరి ముందూ డ్రాయింగు మీద ఆవిడ సంతకం చేసింది, ముసలామె వేలిముద్ర వేసింది.

రాయి పాతుతున్నప్పుడు ముసలామె నా పక్కనే నిలబడింది.

"గిది ఉంటదా సారూ?"

"ఉంటుందమ్మా."

"సూద్దాం," అంది. నమ్మలేదు. నాకది బాధ అనిపించలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాను.

నా అనుమానాలు కూడా అన్నీ ఆరోజే తీరిపోలేదు. కొన్నాళ్ళకు హాస్టల్ బోర్డు మీద 'వాకింగ్ ట్రాక్ పక్కనే' అని కొత్త లైను చేరింది. పరుగున వెళ్ళి డ్రాఫ్ట్స్‌మన్‌కు చెప్పాను, చూశావా నేను ముందే అన్నాను అని. వాడు తల ఎత్తలేదు. "ట్రాక్ పక్కనే ఉన్నది గద అన్నా. అబద్ధమేం రాసింది?" అన్నాడు.

ఫీల్డు పని మానేశాక డాక్టరు నడవమన్నాడు. ఇంటి దగ్గర నడవడానికి చోటు లేక ఒకరోజు బస్సెక్కి ఆ గట్టు దాకా వెళ్ళాను. కానుగలు గొడుగుల్లా కమ్ముకున్నాయి. నల్లమద్దులు నా అంచనా కంటే ఎత్తు పెరిగాయి. కొన్ని చచ్చిపోయాయి, వాటి చోట ఎవరో మళ్ళీ నాటారు. బాట అక్కడక్కడా పగిలినా జనం నడుస్తున్నారు. ధోబీఘాట్ దగ్గరికి వచ్చేసరికి నీడ ఆగిపోయి ఎండ పడింది. దండేల మీద దుప్పట్లు తెల్లగా ఉన్నాయి.

నా ముందు ఇద్దరు పెద్దమనుషులు నడుస్తున్నారు. బూట్లు కొత్తవి. ఎండ తగలగానే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టుకుని విసుక్కున్నాడు.

"ఇక్కడొక్కచోటే చెట్లుండవేంటండీ?"

"మీకు తెలీదా? ఈ ధోబీలు సర్వేయరుకి బాగా ముట్టజెప్పి ఈ ముక్క ఉంచుకున్నారంట."

"అలాగా! ఎవరు చెప్పారు?"

"అందరికీ తెలిసిందేనండీ."

నేను వెనుకే ఆగిపోయాను. ముసలామె లేదు, పోయి అప్పటికి చాలా రోజులైందట. ఆమె కోడలు దండేల మధ్య నుంచి నన్ను చూసింది. గుర్తుపట్టి, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని గట్టిగా పిలిచింది.

"ఓ సారూ! నువ్వే గద అప్పుడు మా జాగ కొలిసినోనివి! ఎన్ని రోజులకొస్తివి! రా, ఇట్ల గూసో!"

ముందు నడుస్తున్న ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. నా చొక్కా చూశారు, చేతిలో బస్సు టికెట్టు చూశారు, చెప్పుల దగ్గర ఆగారు. చెప్పులు చూసి కొంచెం తికమకపడ్డారు. వాటికి వేసిన కుట్టు పాతది.

నాకు చెప్పాలనే ఉంది. రాయి అదిగో, టేపు తెచ్చుకుని కొలుచుకోండి అని అనాలనే ఉంది. ఈలోగా మొదటాయన గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"అయితే ఎంతిచ్చారండీ?"